ఇత్తడి వెనక గాజు: కోలార్ నేలపై పాత సైనిక దృక్‌సాధనాలు

సైన్యం కోసం తయారై, కాలక్రమంలో వాడుక తప్పిపోయిన దుర్భిణులు, థియోడలైట్లు, పట్టక దిక్సూచులు, దూరమాపకాలు, హీలియోగ్రాఫుల వంటి పరికరాలను, అంటే కాంతి నడకను ఆధారం చేసుకుని పనిచేసే దృక్‌సాధనాలను, ఇళ్లలోను ప్రదర్శనశాలల్లోను అలంకరణగా నిలిపే అభిరుచి మన దేశంలో ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. అయితే వీటిని కొనేవారిలో ఎక్కువమంది చూపు మొదట ఇత్తడి మీద, ఆ తరువాత తోలు పెట్టె మీద నిలుస్తుందే తప్ప, ఆ ఇత్తడి గొట్టం ఏ గాజును కదలకుండా పట్టి ఉంచడానికి పుట్టిందో ఆ గాజు మీదికి సాధారణంగా వెళ్లదు. ఇలాంటి పరికరం విలువ దాని కటకాల్లోను, ఆ కటకాలు చూపిన దిశను అంకెగా మార్చే సన్నని గీతల్లోను ఉంటుంది. అవి రెండూ పాడైతే మిగిలేది లోహం మాత్రమే. ఈ మాటను వివరించడానికి కోలార్ జిల్లా కన్నా తగిన చోటు దొరకడం కష్టం, ఎందుకంటే అక్కడి బంగారం ఆధునిక ప్రపంచపు రికార్డుల్లోకి ఎక్కింది ఒక సైనిక సర్వేయర్ ద్వారానే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పటాలు గీయడం సైన్యం పనుల్లో ఒకటిగా ఉండేది కాబట్టి, సర్వే పరికరాలను సైనిక దృక్‌సాధనాల నుంచి వేరుచేసి చూడడం కుదరదు. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక మైసూరు రాజ్యాన్ని కొలిచి పటాలు గీయించే బాధ్యత, కైఫీయత్తుల సేకర్తగా తెలుగువారికి బాగా తెలిసిన కాలిన్ మెకంజీకి దక్కింది. అదే కాలంలో, 1802లో, ఆ రాజ్యపు తూర్పు సరిహద్దును సర్వే చేస్తూ 33వ రెజిమెంటుకు చెందిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ కోలార్ ప్రాంతానికి వచ్చాడు. ఈ నేలలో బంగారం దొరుకుతుందన్న మాట అతని చెవిన పడగా, చూపించినవారికి బహుమానం ఇస్తానని అతను ప్రకటించాడు; ఉరిగాం గ్రామస్థులు మట్టిని బళ్లకెత్తి తెచ్చి, అతని కళ్లెదుటే కడిగి బంగారపు రేణువులను తేల్చి చూపించారు. మారికుప్పం దగ్గర స్థానికులు అప్పటికే గుంతలు తవ్వి రాతిని పైకి తెచ్చి, దంచి, కడిగి బంగారం తీస్తున్న సంగతి కూడా వారెన్ నివేదికలో నమోదైంది. కనుక ‘కనుగొన్నాడు’ అనే మాట ఇక్కడ సరిపోదు; ఊరివారికి ఎప్పటినుంచో తెలిసినదాన్ని అతను పటంలోకి, కాగితంలోకి ఎక్కించాడు. సైన్యం నుంచి విరమించి బెంగుళూరులో స్థిరపడిన మైకేల్ లావెల్ 1870ల్లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకపు అనుమతి సంపాదించడానికి ప్రేరణ ఆ పాత నివేదికే. లావెల్ నుంచి ఆ హక్కులు మేజర్ జనరల్ బెరెస్‌ఫర్డ్‌కు, ఆయన వెంట ఉన్న సైనికాధికారుల బృందానికి చేరాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగింది.

వారెన్ పేరు మరొక మహత్తర కార్యంతోనూ ముడిపడి ఉంది. అతని రెజిమెంటుకే చెందిన విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక ఆధార రేఖను, అంటే ఆ తరువాతి లెక్కలన్నిటికీ పునాదిగా గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచిన సరళరేఖను, నిర్ణయించి మహా త్రిభుజీకరణ సర్వేకు నాంది పలికాడు. త్రిభుజీకరణ అంటే ఒక భుజం పొడవు, దాని రెండు కొనల దగ్గరి కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలనూ లెక్కగట్టవచ్చునన్న సూత్రంతో, ఒక త్రిభుజం పక్కన మరొకటి పేర్చుకుంటూ దేశాన్ని కొలవడం. అందులో పొడవును కొలవడం ఒక్కసారితో సరిపోతుంది, ఆ తరువాత కొలిచేదంతా కోణాలే, అందువల్ల భారమంతా దూరదర్శిని మీద పడుతుంది. ఈ గొలుసుకట్టు లెక్క సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి 1804లో బెంగుళూరు దగ్గర రెండో ఆధార రేఖను కొలిచినవాడు వారెన్. మద్రాసు నుంచి త్రిభుజాల మీదుగా లెక్కించిన పొడవుకు, నేల మీద కొలిచిన పొడవుకు తేడా నాలుగు అంగుళాలు కూడా రాలేదు.

ఆ ఖచ్చితత్వం ఎంతటిదో అంకెల్లో చూడాలి. ఒక డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు. కోణంలో ఒక్క ఆర్క్ సెకను పొరపాటు పడితే 100 కిలోమీటర్ల అవతల అది దాదాపు అర మీటరు అవుతుంది. లాంబ్టన్ వాడిన మహా థియోడలైట్ లండన్‌లో కేరీ అనే పనివాడి చేతిలో తయారైంది, దాని బరువు సుమారు అర టన్ను, దాని అడ్డ వలయం వ్యాసం 36 అంగుళాలు. అంతటి వలయం అంచున కూడా ఒక ఆర్క్ సెకను ఆక్రమించే చోటు 2.2 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతుల పైచిలుకు. అందుకే దాని గీతలను సూక్ష్మదర్శినులతో చదవవలసి వచ్చేది. సముద్రంపై వస్తుండగా ఫ్రెంచివారి చేతికి చిక్కి, మారిషస్ చేరి, అక్కడి గవర్నరు మర్యాదగా తిరిగి పంపడంతో మద్రాసుకు వచ్చిన ఈ పరికరాన్ని 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుంది, వలయం వంకరపోయింది. లాంబ్టన్ దాదాపు ఆరు వారాల పాటు మేకులతో, మరలతో, కప్పీలతో కొద్దికొద్దిగా లాగి దాన్ని మళ్లీ గుండ్రానికి తెచ్చాడు. మైక్రాన్ల మీద ఆధారపడిన వస్తువును చేత్తో సరిదిద్దడమన్నది ఈనాటి సేకర్తలకు ఆశ్చర్యం కలిగించే విషయమే అయినా అనుకరించదగినది మాత్రం కాదు.

ఆ తరువాతి తరంలో ఇలాంటి పరికరాలను బాగుచేసే పనికి ఈ చుట్టుపక్కల ప్రాంతం నుంచే ఒక నిపుణుడు లభించాడు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్ మద్రాసులో గడియారాలు, నగలు బాగుచేస్తూ సర్వే అధికారుల దృష్టిలో పడి కలకత్తా చేరాడు. సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్ కింద థియోడలైట్ల మరమ్మతులో ఆరితేరి, 1843లో ఇంగ్లీషు నిపుణుడు హెన్రీ బారో స్థానంలో ప్రభుత్వ గణిత పరికరాల నిర్మాతగా నియమితుడయ్యాడు. అతను పనిచేసిన సంస్థే, 1830లో మొదలైన మ్యాథమెటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీస్, స్వాతంత్ర్యం తరువాత 1957లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థగా మారింది. పాత పరికరం మీద ‘ఎం.ఐ.ఓ. కలకత్తా’ అన్న ముద్ర కనిపిస్తే సేకర్త లండన్ ముద్ర లేదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. చరిత్ర దృష్టితో అది మరింత ఆసక్తికరమైన వస్తువు.

లాంబ్టన్ దగ్గర పనిచేసిన మరో సహాయకుడు హెన్రీ కేటర్. అనారోగ్యంతో ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక అతను రూపొందించిన పట్టక దిక్సూచి, 1812లో ష్మాల్‌కాల్డర్ అనే పరికరాల నిర్మాత పేటెంటు తీసుకున్న నమూనాతో కలిసి, రెండు ప్రపంచ యుద్ధాల దాకా పదాతి దళాల జేబుల్లో నిలిచింది. ఈనాడు సేకర్తలకు తక్కువ ధరలో, సులువుగా దొరికే అసలైన సైనిక దృక్‌సాధనం ఇదే. మామూలు దిక్సూచిలో సూదిని చూస్తే లక్ష్యం కనబడదు, లక్ష్యాన్ని చూస్తే సూది కనబడదు. కేటర్ ఆలోచన ఈ చిక్కును తీర్చింది. కంటికి దగ్గరగా ఉండే చిన్న గాజు పట్టకం, తిరిగే పళ్లెం మీది డిగ్రీల అంకెలను పైకి మళ్లించి కంటికి చేరుస్తుంది. పట్టకం ముఖాలు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండడంవల్ల అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి. అదే సమయంలో పట్టకం పైనున్న చీలిక గుండా, ఎదుటి మూతలోని సన్నని వెంట్రుకగీత మీదుగా లక్ష్యం కనిపిస్తుంది. ప్రతిబింబం తిరగబడుతుంది కాబట్టి పళ్లెం మీది అంకెలను ముందే అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. అంకెలు మామూలుగా రాసి ఉండి పక్కన పట్టకం కూడా ఉంటే ఆ వస్తువు అలంకారం కోసం అచ్చుపోసిన నకలే.

కోలార్ ప్రాంతంలో ఈ దిక్సూచిని పరీక్షించేవారు గుర్తుంచుకోవలసిన చిక్కు ఒకటుంది. కోలార్ శిస్టు పట్టీ, అంటే బంగారాన్ని మోసే ప్రాచీన రూపాంతర శిలల వరుస, ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. దాని పడమటి వైపున అయస్కాంత గుణం గల మాగ్నటైట్ ఖనిజంతో కూడిన ఇనుప శిలల పలుచని పొరలు బయటికి కనిపిస్తాయి. అలాంటి చోట నిలబడి చూస్తే మంచి దిక్సూచి కూడా తప్పు చెబుతుంది, పాపం పరికరానికి చుట్టుకుంటుంది. గనుల లోపల సమస్య మరీ ఎక్కువగా ఉండేది, ఎందుకంటే అక్కడ పట్టాలు, గొట్టాలు, తీగతాళ్లు అన్నీ ఇనుమే. అందువల్ల గని సర్వేయర్లు నేల మీది దిశను లోపలికి దించడానికి షాఫ్టులో, అంటే గనిలోకి నిలువుగా దిగే బావిలో, బరువులు కట్టిన రెండు తీగలను వేలాడదీసి, ఆ రెండూ కలిసి ఏర్పరచే దిశను అడుగున థియోడలైట్‌తో పట్టుకునేవారు. చాంపియన్ రీఫ్ లాంటి గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినప్పుడు, రెండు మూడు మీటర్ల ఎడంతో వేలాడే తీగల్లో ఒకటి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా అడుగున సొరంగం దిశ డిగ్రీలో వందింట రెండు మూడు వంతులు తప్పుతుంది.

దిక్సూచుల విషయంలో ఇంకో హెచ్చరిక అవసరం. రెండు ప్రపంచ యుద్ధాల కాలపు సైనిక దిక్సూచుల్లో, రాత్రివేళ చదువుకోవడానికి వీలుగా, రేడియం కలిపిన జింక్ సల్ఫైడ్ రంగును పూసేవారు. రేడియం వెలువరించే ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడ్ స్ఫటికాలను తాకినప్పుడు మెరుపు పుడుతుంది. ఆ తాకిడికే స్ఫటికాలు కొన్ని దశాబ్దాల్లో చెడిపోతాయి కాబట్టి రంగు వెలగడం మానేస్తుంది, కానీ రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు కావడంతో వికిరణం మాత్రం దాదాపు మొదటి స్థాయిలోనే కొనసాగుతుంది. చీకట్లో వెలగడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం అందువల్ల పెద్ద పొరపాటు. మూత బిగించి గాజు వెనక ఉంచితే ఆల్ఫా కణాలు బయటికి రావు. రంగును గీకడం, దిక్సూచిని విప్పడం, ఆ పొడిని పీల్చడం అసలు ప్రమాదం. రేడియం నుంచి రాడాన్ అనే వాయువు కూడా పుడుతుంది గనుక ఇలాంటివి పది పదిహేను కలిపి గాలి ఆడని బీరువాలో, అదీ పడకగదిలో, దాచడం తెలివైన పని కాదు.

దుర్భిణి విషయానికి వస్తే, పందొమ్మిదో శతాబ్దపు సైనికాధికారి మెడలో వేలాడినది గెలీలియో పద్ధతి దుర్భిణి. ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం ఉండే ఈ అమరికలో దృశ్యం నిటారుగా కనిపిస్తుంది, నిర్మాణం సులువు, కాని వర్ధనం నాలుగైదు రెట్లు దాటితే కనిపించే మేర ఇరుకైపోతుంది. రెండూ కుంభాకార కటకాలైన కెప్లర్ పద్ధతిలో మేర విశాలమవుతుంది, దృశ్యం మాత్రం తలకిందులవుతుంది. దాన్ని నిలబెట్టడానికి మధ్యలో మరికొన్ని కటకాలు చేర్చగా గొట్టం సాగి, ఒకదానిలోకి ఒకటి ముడుచుకునే గొట్టాల పొడవాటి టెలిస్కోప్ పుట్టింది. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు పొందిన పరిష్కారం మరింత సొగసైనది. గాజు లోపల నుంచి బయటి ముఖాన్ని తాకే కిరణం సుమారు 42 డిగ్రీలకు మించిన వాలుతో తాకితే బయటికి రాలేక పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు, వెండి పూసిన అద్దం కూడా ఇంత పూర్తిగా కాంతిని తిప్పలేదు. రెండు లంబకోణ పట్టకాలను ఒకదానికొకటి అడ్డంగా నిలిపితే కిరణం నాలుగుసార్లు మలుపు తిరిగి, తలకిందులైన దృశ్యం నిటారవుతుంది, పొడవాటి దారి చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది. పోరో కాలంలో అందుకు తగిన స్వచ్ఛమైన గాజు లేకపోవడంతో అది వెంటనే ఫలించలేదు. ఎర్నెస్ట్ అబ్బే ఆధ్వర్యంలో జర్మనీలోని జైస్ సంస్థ 1894లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ జర్మన్ గాజు మీద ఆధారపడటం బ్రిటన్‌కు ఎంత ఇబ్బంది తెచ్చిందంటే, 1914లో యుద్ధం మొదలవగానే ఇళ్లలో ఉన్న దుర్భిణులను సైన్యానికి ఎరువివ్వాలని లార్డ్ రాబర్ట్స్ ప్రజలను కోరవలసి వచ్చింది.

దుర్భిణి మీద చెక్కిన 6×30, 7×50 వంటి అంకెల్లో మొదటిది వర్ధనం, రెండోది వస్తుకటకం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంట్లోకి చేరే కాంతి పుంజం వెడల్పు వస్తుంది. 7×50లో అది 7 మిల్లీమీటర్ల పైచిలుకు, చీకట్లో యువకుడి కనుపాప తెరుచుకునే వెడల్పూ దాదాపు అంతే, అందుకే రాత్రి కాపలాకు, నౌకాదళానికి ఆ కొలత స్థిరపడింది. కొన్ని సైనిక దుర్భిణుల్లో ఒక కంటి వైపు సన్నని కొలతగీతలు కనిపిస్తాయి. అవి మిల్స్‌లో ఉంటే, వృత్తాన్ని 6,400 భాగాలు చేయగా వచ్చే ఒక్కొక్క భాగం వెయ్యి మీటర్ల దూరంలో దాదాపు ఒక మీటరుకు సమానమని అర్థం. మూసిన షాఫ్టు మీద నిలిచిన ఇనుప హెడ్‌గేర్, అంటే గనిలోకి దించే తాళ్లను మోసిన చట్రం, ఎత్తు 30 మీటర్లు అనుకుంటే, అది గీతల మీద 10 మిల్స్ ఆక్రమించిందంటే చూసేవాడు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అలంకారం కోసం కొన్న వస్తువు ఇలా నోటి లెక్కతో దూరం చెప్పడం మొదలుపెట్టాక దాన్ని బీరువాలోనే ఉంచాలని ఎవరికీ అనిపించదు.

దుర్భిణి నాణ్యతను చెప్పేది కటకాల సంఖ్య మాత్రమే కాదు. గాలి నుంచి గాజులోకి, గాజు నుంచి గాలిలోకి దాటే ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం కాంతి వెనక్కి పోతుంది. అలాంటి ఉపరితలాలు పది ఉన్న పాత దుర్భిణిలో చివరికి మిగిలేది 66 శాతమే, పోయిన కాంతిలో కొంత లోపలే తిరుగాడి దృశ్యాన్ని తెల్లబరుస్తుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా రూపొందించిన పూత దీనికి మందు. కాంతి తరంగం పొడవులో నాలుగో వంతు మందం గల మెగ్నీషియం ఫ్లోరైడ్ పొరను గాజుపై పరిస్తే, పొర పైముఖం నుంచి మళ్లిన తరంగమూ అడుగుముఖం నుంచి మళ్లిన తరంగమూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఆ పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. కటకం నీలిగానో ఊదాగానో మెరిస్తే పూత ఉన్నట్టు. తొలినాటి పూతలు చాలా మెత్తనివి కాబట్టి, టూత్‌పేస్టుతో గాజు తోమి ‘కొత్తగా’ చేసిన దుర్భిణి నిజానికి కళ్లు పోగొట్టుకున్న దుర్భిణి.

దూరమాపకం, అంటే లక్ష్యం దగ్గరికి వెళ్లకుండానే దూరం చెప్పే పొడవాటి గొట్టం, సేకర్తల గదుల్లో అందరి చూపునూ ఆకర్షించే వస్తువు. గ్లాస్గోకు చెందిన బార్ అండ్ స్ట్రౌడ్ సంస్థ దీనికి పెట్టింది పేరు. గొట్టం రెండు కొనల దగ్గరి గవాక్షాల నుంచి వచ్చిన రెండు దృశ్యాలు మధ్యలో ఒకే కంటి ముందు కలుస్తాయి. పై సగం ఒక కొనది, కింది సగం రెండో కొనది. మరను తిప్పి రెండు సగాలూ ఒక్క గీతగా కలిసేలా చేస్తే దూరం అంకెలో కనిపిస్తుంది. 80 సెంటీమీటర్ల పదాతి దళపు దూరమాపకంలో, కిలోమీటరు దూరంలోని లక్ష్యం దగ్గర ఆ రెండు చూపుల మధ్య కోణం 165 ఆర్క్ సెకన్లే, రెండు కిలోమీటర్ల దగ్గర అందులో సగం. తెగిన గీత రెండు ముక్కలు సరిగా కలిశాయో లేదో చూడడంలో మనిషి కన్ను అద్భుతమైనది, సుమారు 10 ఆర్క్ సెకన్ల తేడాను పట్టగలదు. పది రెట్ల వర్ధనం తోడైతే ఒక సెకనుకు దిగుతుంది. అప్పుడు కిలోమీటరు దగ్గర పొరపాటు 6 మీటర్లయితే, రెండు కిలోమీటర్ల దగ్గర అది 12 కాక 24 మీటర్లవుతుంది, ఎందుకంటే పొరపాటు దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండు గవాక్షాల మధ్య ఎడమే ప్రాణం కాబట్టి యుద్ధనౌకల మీద గొట్టాలు అనేక మీటర్లకు సాగాయి. కింద పడ్డ దూరమాపకంలో పట్టకం వెంట్రుకవాసి తిరిగినా అది చెప్పే దూరానికి అర్థం ఉండదు. చూడడానికి మాత్రం ఏ లోపమూ తెలియదు.

హీలియోగ్రాఫ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అది ఒక అద్దం, ఒక మర, ఒక ముక్కాలిపీట. కరాచీలో తంతి శాఖ ఉద్యోగి హెన్రీ మాన్స్ 1869లో రూపొందించిన ఈ పరికరం సూర్యకాంతిని మోర్స్ సంకేతాలుగా పంపుతుంది. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపిస్తుంది గనుక అద్దం నుంచి వెళ్లే కాంతి కూడా అంతే విచ్చుకుంటుంది: కోలార్ పట్టణం పక్కని అంతరగంగె కొండ నుంచి గనుల దిక్కుగా సుమారు 25 కిలోమీటర్లు పంపితే, అది 230 మీటర్ల వెడల్పు గల మచ్చగా పడుతుంది, ఆ మచ్చకు బయట నిల్చున్నవాడికి ఏమీ కనిపించదు.

కొనేటప్పుడు ఏది అసలు, ఏది నకలు అన్నది తేల్చడానికి కూడా భౌతికశాస్త్రమే ఎక్కువ సాయపడుతుంది. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు వెడల్పాటి బాణం ముద్ర. భారతదేశానికి కేటాయించిన వాటిపై బాణం కింద తరచు ఐ అక్షరం కనిపిస్తుంది. ఈ ముద్రలను ఎవరైనా చెక్కగలరు. రూర్కీ, మొరాదాబాద్‌లలో తయారయ్యే ఇత్తడి టెలిస్కోపులు, దిక్సూచులు, వాటిపై పాత లండన్ సంస్థల పేర్లు, వెనకటి సంవత్సరాలు చెక్కుకుని దేశమంతటా తిరుగుతుంటాయి. చవకగా అలంకారం కావాలనుకునేవారికి వాటివల్ల నష్టం లేదు, పురాతన వస్తువని చెప్పి అమ్మినప్పుడే మోసం. తేడా తెలుసుకునే దారి వస్తుకటకంలో ఉంది. ఒంటి కటకం ఎరుపును, నీలాన్ని వేరువేరు దూరాల్లో కేంద్రీకరిస్తుంది కాబట్టి ఎండలో తెల్లగోడ అంచును చూస్తే రంగుల అంచులు కనిపిస్తాయి. 1758లో జాన్ డాలండ్ పేటెంటు పొందిన జంట కటకంలో, క్రౌన్ గాజుతో చేసిన కుంభాకార కటకానికి, సీసం కలిసిన ఫ్లింట్ గాజుతో చేసిన పుటాకార కటకాన్ని జతచేసి ఒకదాని వర్ణదోషాన్ని మరొకదానితో సరిచేస్తారు. పని కోసం చేసిన సైనిక పరికరంలో ఈ జంట ఉంటుంది, అలంకారానికి చేసిన దానిలో ఒక్క కటకమే ఉండడం పరిపాటి.

నిలవ ఉంచే విషయంలో కోలార్ వాతావరణం సేకర్తకు ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటుంది. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న ఈ పొడినేలలో, మచిలీపట్నం లాంటి తీరపట్టణాలతో పోల్చితే, కటకాల మీద బూజు పట్టడం తక్కువ. గాలిలో తేమ 70 శాతం దాటి చాలాకాలం నిలిచినప్పుడు మొలిచే ఈ బూజు సాలెగూడులా అల్లుకుని, విడుదల చేసే ఆమ్లాలతో గాజును శాశ్వతంగా కొరికేస్తుంది; తోలు పెట్టె తేమను పీల్చి పట్టుకుంటుంది గనుక పరికరాన్ని దాని సొంత పెట్టెలో మూసి ఉంచడమే బూజుకు ఆహ్వానం. కోలార్ గనుల పట్టణంలో అసలు శత్రువు దుమ్ము. బంగారం తీశాక మిగిలిన పిండిరాయి, మూడు కోట్ల టన్నులకు పైగా, సైనైడ్ దిబ్బలుగా పట్టణం చుట్టూ పేరుకుని ఉంది. గాలికాలంలో అది లేచి రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట ఇళ్లలోకి చేరుతుంది. ఆ పొడిలో అధికభాగం క్వార్ట్జ్, దాని గట్టిదనం మోస్ కొలమానంలో 7, కటకపు గాజుది 5 నుంచి 6. పొడిగుడ్డతో తుడవడమంటే గాజును తనకన్నా గట్టి రాయితో రుద్దడమే. ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము లేపి, ఆ తరువాతే మెత్తని కుంచె, చివరగా ఒక చుక్క ద్రావకం అన్న వరుస ఇక్కడ తప్పనిసరి.

జంట కటకాలను అతికించడానికి వాడిన కెనడా బాల్సం, ఫర్ జాతి చెట్టు బంక, గాజుకు దాదాపు సమానమైన వక్రీభవన గుణకం కలది. వేడి చల్లదనాల మార్పులకు అది పగిలితే కటకాల మధ్య గాలిపొర చేరి ఇంద్రధనుస్సు వలయాలు కనిపిస్తాయి. అది నిపుణులు విప్పి మళ్లీ అతికించవలసిన పని. థియోడలైట్ లోపలి అడ్డగీతలు అనేక పాత పరికరాల్లో నిజమైన సాలీడు దారాలే, వాటిని ఊదినా తెగిపోతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం మాత్రం తోమడం వల్లే జరుగుతుంది. ఐదంగుళాల థియోడలైట్ వలయం మీద, సన్నని వెండి పట్టీలో చెక్కిన గీతల్లో, ఒక నిమిషం కోణం ఆక్రమించే చోటు 18 మైక్రాన్లు. లోహపు పాలిష్‌తో నాలుగుసార్లు రుద్దితే గీతల అంచులు కరిగి వెర్నియర్‌ను, అంటే గీతల మధ్య భాగాలను తెలిపే ఉపకొలతను, చదవడం అసాధ్యమవుతుంది. అసలు లక్కపూత, లోపలి నల్లరంగు కూడా అలంకారానికి కాదు, అక్కరలేని ప్రతిబింబాలను ఆపడానికి పూసినవి. గీతలు చెరిగిన థియోడలైట్‌కు, చింతపండుతో తోమిన ఇత్తడి బిందెకు తేడా లేదు. బిందెలో కనీసం నీళ్లు నిలుస్తాయి.

గాజు కటకాల కథ ఎలక్ట్రాన్ల వైపు మళ్లిన మలుపు దగ్గర కూడా కోలార్ గనులు, తెలుగు తీరమూ ఉండడం ఒక విశేషం. 1965లో చాంపియన్ రీఫ్ గనిలోని హీత్‌కోట్ షాఫ్టు దగ్గర, 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. అక్కడ సింటిలేటర్ ఫలకాల్లో పుట్టే అతి క్షీణమైన మెరుపును ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు పసిగట్టాయి; కాంతి తాకగానే ఎలక్ట్రాన్లను వదిలే పలుచని పూత, ఆ ఎలక్ట్రాన్లను గుణించే ఏర్పాటు వాటి ఆయువుపట్టు. సైన్యం వాడే రాత్రిచూపు దుర్భిణిలో కాంతిని పెంచే గొట్టం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. 1926లో మచిలీపట్నంలో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తనలో కలుపుకోగా, ఆ కర్మాగారం రాత్రిచూపు పరికరాల తయారీకి కేంద్రమైంది. అయితే సేకర్తకు ఇవి అంతగా పనికిరావు, ఎందుకంటే పాత గొట్టాల్లో శూన్యం కాలంతోపాటు చెడిపోతుంది, అందులో కొన్ని వేల వోల్టుల విద్యుత్పీడనం ఉంటుంది, విప్పి చూసే వస్తువు కాదు.

వందేళ్లు నిండిన వస్తువు, అది విజ్ఞానానికి సంబంధించినదైనా సరే, 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద పురావస్తువు అవుతుంది, దాన్ని వ్యక్తులు దేశం దాటించి అమ్మడం చెల్లదు. కనుక మొదటి ప్రపంచ యుద్ధకాలపు దుర్భిణులు, దిక్సూచులు ఇప్పటికే ఆ గీత దాటాయి. కొన్న చోటు, పూర్వపు యజమాని చెప్పిన వివరం, ముద్రల ఫోటోలు ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే వస్తువు వయసును నిరూపించడం సులువు. ప్రదర్శనకు నిలిపేటప్పుడు వస్తుకటకాలకు మూతలు పెట్టడం, కిటికీ ఎదుట ఉంచకపోవడం కేవలం దుమ్ముకు భయపడి చేసే పని కాదు. 50 మిల్లీమీటర్ల కటకం తన మీద పడిన ఎండనంతా 7 మిల్లీమీటర్ల పుంజంగా కుదిస్తే అక్కడ తీవ్రత దాదాపు 49 రెట్లు పెరుగుతుంది, కేంద్రబిందువు దగ్గర అంతకన్నా ఎన్నో రెట్లు. ఆ పుంజం దారిలో కన్ను పెడితే క్షణంలో రెటీనా కాలుతుంది, కర్టెను ఉంటే అంటుకుంటుంది, ఏదీ లేకపోయినా లోపలి నల్లరంగు, కటకాల మధ్య బాల్సం కొన్ని ఎండాకాలాల్లోనే చెడిపోతాయి.